ఎందుకు కొట్టినావు?

ఈ తమిళ పట్నంలో, చూలై పేటలో మా అట్టపెట్టెల షెడ్డుకు ఎదురుగా ఒక చిన్న తెలుగు చర్చి ఉంది. మిఠాయి అంగళ్ళకు పెట్టెలు మడిచి ఇచ్చే పని మాది. మా ఆయన చెంగల్రాయుడి తాతల కాలం నుంచి మేము ఆ సందులోనే ఉన్నాం. చర్చి అంతకన్నా పాతది. ఊరు ఊడ్చే పనికీ, కాలవల్లో మురికి ఎత్తే పనికీ నెల్లూరు వైపు నుంచి తెచ్చుకున్న మనుషులు రాయి రాయి మోసి కట్టుకున్నారని చెబుతారు. వాళ్ళ మనవళ్ళలో కొందరు ఇంకా కార్పొరేషన్లోనే ఉన్నారు, కొందరు ఆఫీసుల్లో, కొందరు లారీల మీద. ఆదివారం పొద్దున వాళ్ళ పాటలు మా వంటింట్లోకి వినిపిస్తాయి. కాఫీ కాచుకుంటూ వినడం నాకు అలవాటే గాని, ఆ గేటు దాటి లోపలికి పోయింది లేదు. సెలీనా వచ్చాకే పోయాను.

సెలీనా ఆ చర్చికి పాస్టరుగా వచ్చింది. పొట్టి మనిషి, నలభై దాటిన వయసు. ఆరాధనలో వేసుకునే తెల్ల అంగీని గుడ్డసంచిలో మడిచి పెట్టుకుని, స్కూటీ మీద తిరిగేది. ఆమెను ఏమని పిలవాలో ముందు ఎవరికీ తెలియలేదు. పాస్టరును అయ్యగారు అంటారు, పాస్టరు భార్యను అమ్మగారు అంటారు. ఈమెకు పెళ్ళి కాలేదు, పాస్టరు ఈమే. ముసలివాళ్ళు కొందరు అయ్యగారమ్మా అని మొదలుపెట్టారు. ఆమె నవ్వి, అక్కా అంటే చాలు, పలుకుతానంది.

పుట్టి పెరిగింది ఎన్నూరులో. నాయన అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు బూడిద ఎత్తే కూలి. ఆ బూడిద పడే ఇంట్లోనే చదువుకుని, వేదాంత కళాశాలలో చేరి, అక్కడే పాఠాలు చెప్పే దాకా వచ్చింది. ఆమె పాఠమంతా ఒకటే: బలం. ఎవరి బలం ఎవరి మీద నడుస్తోంది, దానికి దేవుడి పేరు ఎవరు తగిలించారు, కొట్టకుండా దాన్ని ఎట్లా ఎదిరించాలి. ఆ మాటలతోనే ఒక చిన్న పుస్తకం వేసింది. మనం దేవుణ్ణి జమీందారును చేసి ఆయన కచేరీలో గుమాస్తాలుగా కూర్చున్నాం అని అందులో ఒక వాక్యం ఉంది. అది తీసెయ్యమని పెద్దలు అడిగారు. తీయనంది. పాఠాలు చాలు, పోయి ఒక చర్చి సంఘం చూసుకో అని చూలైకి పంపారు.

"వాళ్ళు శిక్ష అనుకున్నారక్కా," అని నాతో అంది ఒకరోజు. "నేను ఎవరి కోసం రాసినానో వాళ్ళ మధ్యకే పంపినారు."

మా పరిచయం ఒక గాజు గ్లాసుతో మొదలైంది. అప్పటికి మా అత్తగారు బతికే ఉన్నారు. పండగకు మిఠాయిపెట్టెలు కావాలని సెలీనా మా ఇంటికి వస్తే కాఫీ ఇచ్చాను. ఆ చర్చివాళ్ళు వస్తే ఇవ్వడానికని మా అత్తగారు వేరే గ్లాసు ఒకటి పెరటి కిటికీలో ఉంచేది. అందులోనే పోయించింది. సెలీనా తాగి, తానే కడిగి, ఇది ఎక్కడ పెట్టాలని అడిగింది. మా అత్తగారు కిటికీ వైపు చూపించింది. సెలీనా ఆ వైపు చూసి, నేరుగా వంటింటి అలమర దగ్గరికి పోయి, మా స్టీలు లోటాల వరసలో దాన్ని పెట్టింది.

"ఈడ పెట్టినా పెద్దమ్మా. ఆడుంటే పగిలిపోతాది," అని చెప్పి చెప్పులేసుకుని పోయింది.

గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. మా అత్తగారు సాయంత్రం దాకా గొణిగింది, దాన్ని తీసి బయట పడెయ్యమంది. నేను తీయలేదు.

బుధవారం సాయంత్రాల్లో చర్చి ఆవరణలో రేకుల కింద ఆడవాళ్ళకు పాఠం చెప్పేది. మా షెడ్డులో పెట్టెలు మడిచే వాళ్ళు సగం మంది ఆ సంఘం వాళ్ళే. పని ముగించి పోతుంటే ఒకసారి నేనూ వెంట పోయి వెనక కూర్చున్నాను. ఆ రోజు చెంప గురించి చెప్పింది. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమన్న మాట అందరికీ తెలుసు, ముఖ్యంగా దెబ్బలు తినేవాళ్ళకు బాగా తెలుసు, వాళ్ళకే అది పదేపదే చెప్పారు గనక అంది. కానీ ఆ మాట చెప్పినాయనను ప్రధాన యాజకుడి ఎదుట ఒక బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు ఆయన ఏం చేశాడో ఎవరికన్నా గుర్తుందా అని అడిగింది. ఆయన రెండో చెంప చూపించలేదు, తిరిగి కొట్టనూ లేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే అదేదో చెప్పు, లేకపోతే నన్నెందుకు కొట్టావని అడిగాడు. చేతులు కట్టేసి ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. కొట్టినవాడి దగ్గర జవాబు లేదు. పక్కనున్న అంతమంది పెద్దల దగ్గరా లేదు.

"అహింస అంటే నోరు మూసుకోవడం కాదు," అంది. "చెయ్యి ఎత్తకపోవడం. రెండూ ఒకటి కాదు."

జయంతి ఆ రోజు నా పక్కనే కూర్చుని ఉంది.

జయంతి మా షెడ్డులో చాలా ఏళ్ళుగా పని చేస్తోంది. చేతి వేగం ఎక్కువ, మాట తక్కువ. మొగుడు యువరాజ్ మనలి నుంచి ట్యాంకరు లారీ తోలతాడు. చర్చిలో పాటలు ఎత్తుకునేది అతనే. ఆదివారం మా వంటింట్లోకి వినిపించే గొంతు అతనిదే. ఎంత తియ్యగా పాడతాడంటే, మా ఆయన కూడా పేపరు దించి వినేవాడు. సంఘంలో కమిటీ మెంబరు, ఎవరింట్లో చావైనా ముందు నిలబడేవాడు. ఇంట్లో పెళ్ళాన్ని కొడతాడని ఆ సందులో తెలియని వాళ్ళు లేరు. తెలిసీ ఎవరూ మాట్లాడలేదు, అంత మంచి గొంతు ఉన్నవాడు కదా.

ఒక సోమవారం జయంతి చేతికి కట్టుతో వచ్చింది. మణికట్టు విరిగింది. బాత్రూములో జారి పడ్డానంది. ఒంటి చేత్తో పెట్టెలు మడవబోతే నేను పని ఆపించి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం సెలీనాను పిలిపించాను. ముగ్గురం అట్టల దొంతరల వెనక కూర్చున్నాం. జయంతే మొదలుపెట్టింది. ముందున్న పాస్టరుగారికి ఒకసారి చెప్పుకున్నాననీ, ఓర్చుకో తల్లీ, నీ ఓర్పే అతన్ని మారుస్తుందని ఆయన ప్రార్థన చేసి పంపాడనీ చెప్పింది. ఓర్చుకుంటూనే ఉన్నానంది.

"నిన్ను ఓర్చుకోమన్నోళ్ళు, కొట్టొద్దని వానికి ఎప్పుడన్నా చెప్పినారా?" అని అడిగింది సెలీనా.

జయంతి ఆలోచించింది. లేదన్నట్టు తల ఊపింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

ఏం చెయ్యమంటావని సెలీనా ఆమెనే అడిగింది. ఆ ఇంటికి ఇక పోనంది జయంతి. ఆ రోజు నుంచి చర్చి వెనక పాస్టరు ఉండే రెండు గదుల్లో సెలీనాతో పాటే ఉంది.

మొదట కోపంతో వచ్చింది జయంతి అన్న శ్రీకుమార్. పెరంబూరు నుంచి నలుగురు స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. యువరాజ్ కాళ్ళు విరగ్గొట్టి వస్తానన్నాడు. సెలీనా వాకిట్లో అడ్డం నిలబడింది. నువ్వు అతని కాళ్ళు విరిస్తే అతని తమ్ముళ్ళు నీ చేతులు విరుస్తారు, మధ్యలో నీ చెల్లెలు ఎక్కడుంటుందని అడిగింది. ఇంత పని చేసే ముందు ఆమెను ఒక మాట అడిగావా అంది. శ్రీకుమార్ అడగలేదు. మరి ప్రార్థన చేసుకుంటూ కూర్చోమంటావా అన్నాడు ఎగతాళిగా.

"కూర్చోమంటా ఉండా. అందరూ చూసేటట్టు, ఆమె పక్కన కూర్చో. అది నీకు కాళ్ళు విరగ్గొట్టేదాని కన్నా కష్టం," అంది.

స్నేహితులను పంపేసి అతను మాత్రం ఉండిపోయాడు.

తర్వాత వచ్చింది వెంకట్రావు, చర్చి కమిటీ సెక్రెటరీ. పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, సంఘంలో ఆయన మాటంటే గౌరవం. యువరాజ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. యువరాజ్ తల వంచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, కోపంలో ఏదో జరిగిపోయిందన్నాడు. చూశారు కదా, పశ్చాత్తాపపడుతున్నాడు, ఇక ఆ అమ్మాయిని ఇంటికి పంపించండని వెంకట్రావు తీర్పు చెప్పాడు. సెలీనా ఒప్పుకోలేదు. క్షమించాలా వద్దా అనేది జయంతి ఇష్టం, నా చేతిలో లేదు, మీ చేతిలో అసలే లేదు, క్షమించినా ఇంటికి పోవాలని ఎక్కడా లేదంది. ఏదో జరిగిపోయింది అంటే ఏం జరిగిందో చెప్పమని యువరాజ్‌ను అడిగింది. అతను వెంకట్రావు ముఖం చూశాడు.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. అందరూ ముందుకు పోయి మోకరిస్తే పాస్టరు రొట్టె, ద్రాక్షారసం అందిస్తారు. ముందు రోజు సెలీనా మా షెడ్డుకు వచ్చి ఊరికే కూర్చుంది. ఎన్నడూ లేనిది, చేతివేళ్ళు నలుపుకుంటూ ఉంది.

"ఆ పళ్ళెం రేపు నా చేతిలో ఉంటాది అక్కా. అది కూడా బలమే. బలం గురించి పుస్తకం రాసినా గాని, నా చేతికే వచ్చినప్పుడు ఏం చేస్తానో అని నాకే బయంగా ఉండాది."

ఇవ్వాలా వద్దా అని జయంతిని అడిగిందట. వద్దు, అతను చెప్పేదాకా ఇవ్వొద్దు అని జయంతి అందట.

ఆ ఆదివారం నేను లోపల లేను. వెంకట్రావు భార్య తంగమ్మ ముందు వరసలో ఉండి చూసింది, ఆమే చెప్పింది. యువరాజ్ మోకరించి రెండు చేతులూ చాపాడు. సెలీనా అతని ముందు ఆగి వంగి, జయంతికి ఏం చేశావో ముందు నీ నోటితో చెప్పు, ఆ తర్వాత చెయ్యి చాపు అని చిన్నగా చెప్పి, పక్క మనిషికి రొట్టె ఇచ్చింది. యువరాజ్ కాసేపు అట్లాగే చేతులు చాపుకుని ఉండి, లేచి బయటికి పోయాడు.

ఆరాధన అయిన తర్వాత ఆవరణలో పెద్ద గొడవ. వెంకట్రావు మాటలు మా షెడ్డు దాకా వినిపించాయి. తనను పట్టిస్తాడని తెలిసి కూడా ప్రభువు ఆ శిష్యుడికి రొట్టె ఇచ్చాడు కదా, నువ్వు ఆయన కన్నా గొప్పదానివా అని అడిగాడు. మంచి ప్రశ్నే అనిపించింది నాకు.

"ఇచ్చినాడు," అంది సెలీనా. "ఇచ్చే ముందు, మీలో ఒకడు నన్ను పట్టిస్తాడని అందరి ముందర చెప్పి ఇచ్చినాడు. దాచి ఇవ్వలేదు. మీరు నన్ను దాచి ఇవ్వమంటా ఉండారు."

చర్చీలన్నిటినీ చూసుకునే పెద్ద ఆఫీసుకు వెంకట్రావు ఫిర్యాదు పంపాడు. విచారణ అయ్యేదాకా సెలీనా చూలైలో ఆరాధన నడపకూడదని అక్కడి నుంచి కబురు వచ్చింది. మరుసటి ఆదివారం నాటికి చర్చి గేటుకు తాళం పడింది. మరమ్మతులు అని ఒక అట్ట కట్టారు. అది మా షెడ్డు అట్టే.

ఆడవాళ్ళు వచ్చి గేటు ముందు నిలబడ్డారు. కొందరు వెనక్కి పోయారు, ఎక్కువ మంది పోలేదు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నేను మా ఆయనతో షెడ్డు షట్టరు ఎత్తమన్నాను. మనకెందుకు ఈ తగువు, కమిటీ వాళ్ళు రేపు మన ముఖం చూడరు అన్నాడు. నేనే పోయి ఎత్తాను. లోపలికి వచ్చి ప్రార్థన చేసుకోండని పిలిచాను. సెలీనా చేతులు జోడించింది.

"పెద్ద మనసు అక్కా. కానీ మేము నీ షెడ్డులోకి వస్తే ఆ తాళానికి సుఖంగా ఉంటాది."

ఆ మాట అని రోడ్డు మీదే కూర్చుంది. అందరూ కూర్చున్నారు, గేటుకు ముఖం పెట్టి. జయంతి మధ్యలో, శ్రీకుమార్ ఆమె పక్కన. ఆటోలు పక్కగా తిప్పుకుని పోయాయి. పాట ఎత్తుకునే మనిషి లేడు. తంగమ్మ తన వణుకు గొంతుతో మొదలుపెట్టింది. శ్రుతి లేదు, తాళం లేదు. ఆ సందులో అంత గట్టిగా పాడగా నేనెప్పుడూ వినలేదు. నేను మజ్జిగ చేసి బిందెతో తెచ్చి పెట్టాను. మా ఆయన కాసేపు చూసి, లోపలికి పోయి, పెట్టెల మీద కప్పే టార్పాలిను తెచ్చి మా షట్టరు నుంచి కరెంటు స్తంభానికి కట్టాడు.

అట్లా ఆదివారం తర్వాత ఆదివారం కూర్చున్నారు. పాస్టరమ్మ రెచ్చగొడుతోందని పెద్ద ఆఫీసులో అన్నారట. పోలీసులు ఒకసారి వచ్చి, ట్రాఫిక్కుకు అడ్డం లేకుండా కూర్చోమని చెప్పి పోయారు. వెంకట్రావు ప్రతిసారీ వచ్చి గేటు పక్కన నిలబడి, తాళం అట్లాగే ఉందో లేదో చూసుకునేవాడు. తంగమ్మ అతనితో కలిసి వచ్చి, అతన్ని గేటు దగ్గర విడిచి, వచ్చి మాలో కూర్చునేది. మాలో అన్నాను గదా. అప్పటికి నేను కూడా కూర్చుంటున్నాను.

ఒక ఆదివారం యువరాజ్ వచ్చాడు. బైకు మధ్యలో ఆపి, నేరుగా జయంతి దగ్గరికి నడిచాడు. తాగి లేడు. పద ఇంటికి, చాలు ఈ నాటకం అని కట్టు ఉన్న చేతినే పట్టుకుని లాగాడు. జయంతి కేక పెట్టింది. సెలీనా లేచి, ఆ చెయ్యి వదులు యువరాజ్ అని ఇద్దరి మధ్యా నిలబడింది. అతను ఆ చెయ్యి వదిలి, సెలీనాను చెంప మీద కొట్టాడు.

ఆ దెబ్బ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. సెలీనా తూలి నా భుజం పట్టుకుంది. కళ్ళద్దాలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. శ్రీకుమార్ పిడికిలి బిగించి లేచాడు. సెలీనా అతని వైపు చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టింది. అతను ఆగాడు. ఆమె నిలదొక్కుకుని, కొట్టినవాడి ముఖంలోకి చూసి అడిగింది.

"ఎందుకు కొట్టినావు యువరాజ్?"

కోపంగా అడగలేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కకు తిరిగితే జయంతి లేచి నిలబడి ఉంది.

"ఎందుకు కొట్టినావు?" అంది ఆమె. అంత మాట అతని ముందు ఆమె అనడం అదే మొదలు.

తర్వాత ఒకామె లేచింది, తర్వాత ఇంకొకామె. ఎవరూ అరవలేదు, ఎవరూ అతన్ని తాకలేదు, తిట్టలేదు. అదే మాట అడిగి, జవాబు కోసం ఆగారు. పోవాలంటే పొమ్మన్నట్టు అతని బైకు వైపు దారి వదిలారు. అతను పోలేకపోయాడు. నేనూ అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు తంగమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, నా చెయ్యి పట్టుకుని లేచింది. యువరాజ్ వైపు పోలేదు. గేటు వైపు నడిచి, తాళంచెవి జేబులో పెట్టుకుని నిలబడ్డ వెంకట్రావు ముందు ఆగింది.

"నువ్వు ఎందుకు కొట్టినావు?"

ఎప్పటి దెబ్బలో మాకు తెలియదు. తెల్లచొక్కా వేసుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనని ఆ మనిషి ఇంట్లో చెయ్యి చేసుకున్నాడని ఆ క్షణం దాకా ఎవరూ అనుకోలేదు. వెంకట్రావు ముఖం పాలిపోయింది. ఇంటికి పద, ఆడ మాట్లాడుకుందాం అన్నాడు మెల్లగా.

"ఆడ అడిగినా. శానాసార్లు అడిగినా. ఎవురూ లేరని నువ్వు చెప్పలా. ఈడ అందరూ ఉండారు," అంది తంగమ్మ.

వెంకట్రావు తల వంచుకుని సందు చివరికి నడిచిపోయాడు. యువరాజ్ కూడా అప్పుడే బైకు ఎక్కాడు. తంగమ్మ వచ్చి మళ్ళీ టార్పాలిను కింద కూర్చుంది. ఆగిపోయిన ప్రార్థన ఎక్కడుందో అక్కడి నుంచి నడిపించమని సెలీనాకు చెప్పింది. చెంప వాచి, కళ్ళద్దాలు లేక పుస్తకం కనిపించక, సెలీనా నోటికి వచ్చింది చెప్పి ముగించింది.

ఆ మధ్యాహ్నం జయంతే అంది, పోలీస్ స్టేషన్‌కు పోదామని. మహిళా స్టేషన్‌కు నేనూ వెంట పోయాను. దారిలో సంఘం పెద్ద ఒకాయన ఎదురై, అహింస అన్నావు గదమ్మా, ఇప్పుడు కేసు పెట్టిస్తావా అని సెలీనాను అడిగాడు.

"అతను చేసింది దాచడమే అహింస అని ఎవరు చెప్పినారన్నా?" అంది. "నేను అతన్ని కొట్టలేదు, కొట్టనియ్యలేదు. జరిగింది చెప్పడానికి పోతా ఉండాం."

తరువాతి ఆదివారం మేము టార్పాలిను కడుతుంటే తంగమ్మ ఒంటరిగా వచ్చింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. నా ఇంట్లో మేకుకే తగిలించి ఉండాది, తీసుకొచ్చినా అంది, మామూలుగా, ఉప్పు తెచ్చినట్టు. గేటు తీసింది. ఆరాధన సగంలో వెంకట్రావు వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. కమిటీ పదవి ఆయన వదులుకున్నాడు. ఇంట్లో ఆయన ఏం జవాబు చెప్పాడో నాకు తెలియదు. నేను అడిగితే తంగమ్మ, నేను అడగాల్సింది అడిగినా, ఇంక ఆయన ఆలోచించుకోనీ అంది.

యువరాజ్ మీద కేసు ఇంకా నడుస్తోంది. అతను ఒకసారి కబురు చేశాడు, తాగిన మైకంలో కొట్టానని. తాగని రోజులు కూడా ఉన్నాయి, అది జవాబు కాదని జయంతి తిప్పి పంపింది. ఇప్పుడు మా షెడ్డు వెనక గదిలో అద్దెకు ఉంటోంది. చెయ్యి పూర్తిగా వంగదు. పెట్టెలు మడిచే పని తగ్గించి, అంగళ్ళకు పోయి ఆర్డర్లు తెచ్చే పని ఆమెకు అప్పజెప్పాను. మాట తక్కువ మనిషి అన్నాను గదా. ఇప్పుడు బేరమాడితే మా ఆయనే భయపడతాడు.

విచారణ ఇంకా కాకుండానే పెద్ద ఆఫీసువాళ్ళు సెలీనాను ఎన్నూరు చర్చికి మార్చారు. చూలై ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. మళ్ళీ రోడ్డు మీద కూర్చుంటామన్నారు. ఈసారి వద్దని ఆమే చెప్పింది. నేను లేకపోతే ఆగిపోయే పనైతే, అది నా బలమే గాని మీది కాదు, ఆగుతుందో లేదో చూద్దాం అంది. వచ్చిన కొత్త పాస్టరు కుర్రవాడు, మంచివాడే. మొదటి వారమే ఆడవాళ్ళు అతన్ని కూర్చోబెట్టి, ఎవరైనా దెబ్బలతో వస్తే నువ్వు ముందు ఎవరికి చెప్తావని అడిగారు. అతను తడబడినా, కొట్టినవాడికే అని సరైన జవాబే చెప్పాడు.

వర్షాలు వెలిశాక నేనూ జయంతీ ఎన్నూరు పోయాం. రేవు రోడ్డు నిండా లారీలు, చెట్ల ఆకుల మీద కూడా బూడిద. రేకుల కప్పు చర్చి. సెలీనా వాగు నుంచి తెచ్చిన రొయ్యలు వలుస్తున్న ఆడవాళ్ళ మధ్య పీట వేసుకుని కూర్చుని ఉంది. వాళ్ళు నీళ్ళ కోసం కార్పొరేషన్ ఆఫీసు ముందు ధర్నా చేయబోతున్నారట, వంతులు వేసుకుంటున్నారు. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చింది. పెద్ద ఆఫీసులో విచారణ ఆ గురువారమే అని చెప్పింది. ఒంటరిగా రమ్మన్నారట.

"పోతావా?" అని అడిగాను.

"పోతా అక్కా. వాళ్ళు అడిగేది నాకూ వినాలని ఉండాది."

గురువారం ఆమె ఒంటరిగా పోలేదు. చూలై నుంచి మేము, ఎన్నూరు నుంచి రొయ్యల ఆడవాళ్ళు, శ్రీకుమార్, అందరం పోయాం. ఆ ఆఫీసు వరండాలో కుర్చీలు లేవని బంట్రోతు చెప్పాడు. కింద కూర్చున్నాం. బొట్టు పెట్టుకున్న నన్ను చూసి, మీరు ఏ సంఘం అమ్మా అని అడిగాడు. నేను ఎదురింటిదాన్ని అన్నాను. తంగమ్మ నవ్వింది.

తలుపు తెరిచే ఉంచారు గనక లోపలి మాటలు వినిపించాయి. బల్ల దగ్గర అలా చేయడం నా తప్పు, ఇకపై కమిటీ మాట మీరను అని రాసి సంతకం పెడితే ఇంతటితో ముగిస్తామన్నారు. పెద్దాయన గొంతు మెత్తగానే ఉంది. లేకపోతే ఎన్నూరు సంఘం కూడా ఉండకపోవచ్చని కూడా మెత్తగానే చెప్పాడు. సెలీనా కాయితం చదివినట్టుంది.

"అయ్యా, తప్పు జరిగిన మాట నిజం. కానీ ఈ కాయితంలో చెయ్యి విరిగిన మాట ఎక్కడా లేదు," అంది. "అది లేకుండా నేను దేని కింద సంతకం పెట్టాలి?"

ఏమో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆమెకు హెచ్చరిక ఇచ్చినట్టు రాసుకున్నారు. పాస్టరు పని, అంగీ తీసెయ్యలేదు. వరండాలో అంతమంది ఉన్నందుకో, నిజంగా ఏమన్నా తోచిందో, మేము ఎవరమూ చెప్పలేం. సెలీనా సంతకం పెట్టకుండా ఆ కాయితం టేబుల్ మీదే వదిలి బయటికి వచ్చింది. ఎవరైనా ఇడ్లీ తిన్నారా అని అడిగింది. ఎవరూ తినలేదు. వీధి చివర హోటల్లో బల్లలు రెండు కలిపి వేయించుకుని కూర్చున్నాం. రొయ్యల ఆడవాళ్ళలో ఒకామె ధర్నాకు వచ్చే సోమవారం నీ వంతే అక్కా, మరిచిపోయేవు అని గుర్తుచేసింది. మరవనని చెప్పి, సెలీనా ఇంకో ప్లేటు వడ తెమ్మంది.